తేమ ఎక్కువైన ఫిర్యాదు

"ఈ క్షణం నుంచి రేగడిపాడు ప్రభుత్వాసుపత్రిలో అసంతృప్తి అనేది ఉండదు. ఎవరికైనా ఉంటే ఈ పెట్టెలో వేసి, తేలికపడిన మనసుతో ఇంటికి వెళ్లవచ్చు."

ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఛైర్మన్ సంజీవరావు గారు ఈ చరిత్రాత్మక ప్రకటన చేసినప్పుడు నేను మొదటి వరసలో ఉన్నాను. నెలనెలా రక్తపోటు మాత్రల కోసం అక్కడికి వెళ్లేవాణ్ణి. ఆ రోజు మాత్రలిచ్చే కిటికీ మూసి, దాని ముందే వేదిక కట్టారు. అందువల్ల క్యూలో ముందున్న వాళ్లమంతా ముఖ్య అతిథులమయ్యాము.

ఫిర్యాదుల పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండ సరిగ్గా పెట్టె నోటికి అడ్డంగా పడింది. శుభమా అని వేసిన దండను కదిలించడం మంచిది కాదని ఒక పెద్దాయన అనడంతో అలాగే ఉంచారు. పెట్టెను అద్దంతో చేయించారు. పారదర్శకత అనే మాటను పుస్తకాల్లో చదివినవాణ్ణే కాని కళ్లారా చూడడం అదే మొదలు. లోపల ఏమీ లేదన్న సంగతి నాలుగు వైపుల నుంచీ స్పష్టంగా తెలిసేది.

సంజీవరావు గారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి పైకి వచ్చిన మనిషి. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి వాసన చూశారంటే, అది ఏ ఊరి నేలలో పండిందో, ఏ కోతలో తీసిందో, తెచ్చిన రైతుకు ఎంత అవసరం పడిందో కూడా చెప్పగలరు. బస్తా అంతా కుమ్మరించి చూడడం తెలివితక్కువ పని అని ఆయన అభిప్రాయం. వైద్యరంగంలో ఇటువంటి దృష్టి లోపించిందని గ్రహించే పార్టీ ఆయనను ఆసుపత్రికి పంపింది.

ఆ పెట్టె వెనక ఒక ఆశయం ఉంది. ఫిర్యాదులను వెంటనే పరిష్కరించే ఆసుపత్రికి ప్రభుత్వం ఒక పురస్కారం ప్రకటించింది. స్వయంగా మంత్రిగారు వచ్చి ఇస్తారు. నిబంధన ఒక్కటే. కనీసం ఒక ఫిర్యాదు వచ్చి ఉండాలి, అది తీరినట్టు ఫిర్యాదు చేసిన మనిషే వేదిక మీద చెప్పాలి.

పెట్టె ఖాళీగానే ఉండిపోయింది.

దానికి కారణం మా ప్రాంతపు మర్యాద. పెద్దమనిషి "ఎలా ఉంది?" అని అడిగితే "మీ దయవల్ల బాగుందండి" అంటాము. పత్తిని గులాబీ పురుగు తినేసిన ఏడాది కూడా, వ్యవసాయాధికారి జీపు ఆపి చేను ఎలా ఉందని అడిగితే అదే జవాబిచ్చాము. అడగడమే ఆయన చేసిన ఉపకారం. దానికి జవాబు కూడా చెప్పి ఆయనను ఇబ్బంది పెట్టడం సంస్కారం కాదు.

ఈ మర్యాదకు మా వీధిలో మొహిద్దీన్ బాషాను మించినవాడు లేడు. బాషా పరుపులు కుడతాడు. పత్తి మిల్లు దగ్గర మలుపులో పరుపుతో సహా మోపెడ్ మీద నుంచి జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో కట్టు కట్టారు. కట్టు బిగువైంది. వేళ్లు తిమ్మిరెక్కి, నీలం తిరిగి, ముట్టుకుంటే తెలియని స్థితికి వచ్చాయి. ఆయన భార్య జానీబీ వార్డులో కనిపించిన ప్రతివారికీ ఆ సంగతి చెప్పింది. కట్టు బిగువుగానే ఉండాలని అందరూ ఆమెకు బోధించారు. డాక్టర్ శివరామకృష్ణ గారు మాత్రం రౌండ్సుకు వచ్చినప్పుడల్లా రోగినే నేరుగా అడిగారు.

"ఎలా ఉంది బాషా?"

"మీ దయవల్ల బాగుందండి."

ఆయన సంతోషించి ముందుకు సాగిపోయేవారు.

కట్టు విప్పేసరికి ఎముక అతికింది. వేళ్లు మాత్రం సగం ముడుచుకుని అక్కడే బిగిసిపోయాయి. గ్లాసు తీసేసిన తరువాత కూడా గ్లాసు పట్టుకునే ఉన్న చెయ్యిలా ఉండేది. ఆ వేళ్లు పూర్తిగా తెరుచుకోవు, పూర్తిగా మూసుకోవు. పరుపు కుట్టే దబ్బనాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి లాగాలి. ఆ రెండు వేళ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి గాని కలవవు.

దంపతులు బస్సెక్కి గుంటూరు వెళ్లి ఒక డాక్టరుకు చూపించుకున్నారు. కండరం పూర్తిగా గట్టిపడకముందే ఆపరేషన్ చేస్తే వేళ్లు చాలావరకు తెరుచుకుంటాయని, మిరప కల్లాలు ఎత్తేలోపు రావాలని, ఆ తరువాత వచ్చినా చేయగలిగింది ఉండదని ఆయన చెప్పారట. పెద్దాసుపత్రిలో పథకం కింద ఉచితంగా చేస్తారు. అయితే మొదట వైద్యం చేసిన ఆసుపత్రి నుంచి రిఫరెన్సు రావాలి.

వాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ప్రశ్న. నాలుగు మంచి పుస్తకాలు చదివినవాణ్ణని మా వీధిలో నాకొక పేరుంది.

నేను తొందరపడి అభిప్రాయం చెప్పే మనిషిని కాను. ముందు వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మృదుస్వభావి. బాషా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎముక చాలా అందంగా అతికిందన్నారు. వేళ్ల మాట ఎత్తితే, తాను ఎముకల డాక్టరునని గుర్తుచేశారు. రిఫరెన్సు అడిగాము. ఆయన కంప్యూటర్ తెర మా వైపు తిప్పి బాధగా చూపించారు. డిశ్చార్జి అయిన మర్నాడు ప్రభుత్వం నుంచి బాషాకు ఫోన్ వచ్చింది. వైద్యం సంతృప్తికరంగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు నొక్కమన్నారు. బాషా ఒకటి నొక్కాడు.

"సంతృప్తి చెందిన పేషెంటుని రిఫర్ చేస్తే నన్ను ఎక్స్‌ప్లనేషన్ అడుగుతారండి" అన్నారు డాక్టరు గారు.

బయటికి వచ్చాక జానీబీ మొగుడి వైపు చూసింది.

"ఒకటెందుకు నొక్కావయ్యా?"

"ఆడమనిషి. అంత మర్యాదగా అడుగుతుంటే మొహం మీద రెండెట్టా నొక్కుతాను?"

"అది మిషనయ్యా."

"మిషనైనా అడిగిందిగా. ఇంట్లో ఎవరన్నా అడిగారా?"

అడగకుండానే జానీబీ రోజూ ఆయనకు అన్నం కలిపి పెడుతోంది.

ఇంటికి వచ్చి నేను ఆలోచన మొదలుపెట్టాను. రిఫరెన్సు రావాలంటే అసంతృప్తి ఉండాలి. అసంతృప్తి ఉన్నట్టు తెలియాలంటే ఫిర్యాదు ఉండాలి. ఫిర్యాదు ఎవరి మీదో, రిఫరెన్సు మీద సంతకం చేయవలసింది వారే. పైగా రేపు జ్వరం వచ్చినా బాషా ఆ గుమ్మమే తొక్కాలి. ఇవి లౌకికమైన చిక్కులు. నాకు అంతకంటే లోతైన సందేహాలు కలిగాయి. బాగుందని చెప్పినవాడు మోసపోయినట్టా, మోసగించినట్టా? డాక్టరు నమ్మింది రోగి మాటను కాబట్టి, తప్పు విన్నవాడిదా, అన్నవాడిదా? ఈ ప్రశ్నలతో నేను చాలా రోజులు నిజాయితీగా గడిపాను. జానీబీ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, ఎంతవరకు వచ్చిందని అడిగేది. ఇంకా తేలలేదని చెప్పేవాణ్ణి.

ఒక రోజు ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"మీరు నిదానంగా ఆలోచించుకోండి మాస్టారూ. చెయ్యి మాత్రం ఆగేట్టు లేదు. మేం ఛైర్మన్ గారి దగ్గరికి పోతన్నాం."

నైతికంగా ఏ నిర్ణయానికీ రాకుండా వెళ్లడం నాకు ఇష్టం లేకపోయినా, వెంట వెళ్లాను.

సంజీవరావు గారు తమ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉన్నారు. ఫిర్యాదు ఉందని చెప్పగానే కుర్చీలోంచి లేచారు. అంత ఆదరణ నేను ఏ కార్యాలయంలోనూ చూడలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, స్టీలు గ్లాసు తామే తీసి బాషా కుడిచేతిలో పెట్టారు. గ్లాసు అక్కడ చక్కగా అమరింది. తాగడం అయ్యాక జానీబీ దానిని మెలితిప్పి బయటికి లాగవలసి వచ్చింది. సంజీవరావు గారు ఆ చేతిని కొంతసేపు, బస్తాలోంచి తీసిన కాయను చూసినట్టు చూశారు.

జానీబీ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"సరుకు మంచిదేనమ్మా" అన్నారు. "కాకపోతే తేమ ఎక్కువుంది."

"నేనేడవలేదే?"

"నువ్వు ఏడవలేదు. విన్నవాడు ఏడుస్తాడు. ఇట్టాంటిది మంత్రిగారి ముందు పోస్తే లాట్ మొత్తం వెనక్కి పోద్ది. కొన్నాళ్లు ఆరబెట్టండి."

తరువాత ఆయన ఫిర్యాదుల గ్రేడింగు గురించి మాకు వివరించారు. మందులు లేవన్నది తాలు సరుకు, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, ధర పలకదు. డాక్టరు రాలేదన్నది నాసిరకం. ప్రాణం, కాలు, చెయ్యి వంటివి తేమ సరుకు, తూకానికి బరువే గాని నిలవ ఉంటే బూజు పడుతుంది. కావలసింది ఎర్రగా, పొడిగా, తొడిమ తీసిన ఫిర్యాదు.

"నువ్వు పడుకున్న మంచం మీద ఫ్యాను కిర్రుమనేదా, అనేది కాదా?"

"అనేదండి" అన్నాడు బాషా.

"నిద్ర పట్టిందా?"

"నొప్పికి పట్టలేదండి."

"నొప్పి సంగతి నేనడగలా."

బాషా కొంచెం ఆలోచించి, ఫ్యాను వల్ల కూడా పట్టలేదని ఒప్పుకున్నాడు. ఫిర్యాదు తయారైంది. ఒప్పందం సులువైనది. మంత్రిగారు వచ్చిన రోజు, ఫ్యాను విషయంలో సంతృప్తిగా ఉన్నానని బాషా నాలుగు ముక్కలు చెబుతాడు. ఆ సభ అయిన వెంటనే డాక్టరు గారి చేత రిఫరెన్సు రాయించే పూచీ ఛైర్మన్ గారిది. ఆ రాసేదేదో ఇప్పుడే రాయించవచ్చు కదా అని జానీబీ అడిగింది. చెయ్యి కూడా బాగాలేని మనిషి ఫ్యాను గురించి ఫిర్యాదు చేశాడంటే మంత్రిగారు నమ్మరని ఆయన సౌమ్యంగా చెప్పారు. తర్కంలో నాకు లోపం కనిపించలేదు.

ఫిర్యాదును అద్దాల పెట్టెలో వేసేందుకు మరొక చిన్న సభ జరిగింది. దండను అప్పుడు తప్పించారు. మర్నాడే పరిష్కారం కూడా జరిగిపోయింది. వార్డులో ఫ్యాను విప్పేశారు. శబ్దం పూర్తిగా ఆగిపోయింది.

ఇక మంత్రిగారు రావడమే మిగిలింది. మొదటిసారి ఒక పెళ్లి అడ్డువచ్చింది. రెండోసారి మరో ఊళ్లో విగ్రహావిష్కరణ. ఆ తరువాత ఆయనకు జలుబు చేసి, విశ్రాంతి కోసం హైదరాబాదు వెళ్లారు. మా ఊరి చుట్టూ కల్లాలు ఎర్రబడ్డాయి. గాలిలో ఘాటుకు ఆసుపత్రి క్యూలో అందరం ఒకేసారి తుమ్మేవాళ్లం. కాయ ఎండి, గలగలమని, బస్తాలకు ఎక్కడం మొదలైంది. ఖాళీ అయిన కల్లాన్ని చూసినప్పుడల్లా జానీబీ మొగుడి వేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని లాగి చూసేది.

చివరికి మంత్రిగారు వచ్చారు. ఊరి శివార్లలో ఇంకా రెండు మూడు కల్లాలు ఎత్తవలసి ఉన్నాయి.

సభ వైభవంగా జరిగింది. సంజీవరావు గారు మాట్లాడుతూ, రోగి కోరకముందే అతడి కోరికను గుర్తించే స్థాయికి రేగడిపాడు వైద్యం ఎదిగిందన్నారు. డాక్టరు గారిని శాలువాతో సత్కరించారు. విప్పిన ఫ్యానును వేదిక మీద ఒక బల్లపై ప్రదర్శనకు ఉంచారు. అప్పుడు బాషాను పిలిచారు. ఉతికిన చొక్కా వేసుకుని మెట్లెక్కాడు. మైకు అందించడానికి వచ్చిన కార్యకర్త, ఏ చేతికి ఇవ్వాలా అని చూసి, తెరిచి సిద్ధంగా ఉన్న కుడిచేతిలో దోపాడు. అది కొలత తీసుకుని చేయించినట్టు దిగింది.

మంత్రిగారు కుర్చీలోంచే ముందుకు వంగి, ఆప్యాయంగా అడిగారు.

"ఎలా ఉందయ్యా బాషా?"

"మీ దయవల్ల" అన్నాడు బాషా.

అక్కడ ఆగాడు. జనంలో జానీబీ నిలబడి ఉంది. బాషా ఆమెనే చూస్తున్నాడు. ఆ వాక్యంలో ఇంకొక్క మాటే మిగిలి ఉందని మా అందరికీ తెలుసు. అది రాలేదు.

"బాగాలేదండి" అన్నాడు. "ఫ్యాను కాదండి. చెయ్యి బాగాలేదండి. తెరుచుకోదు. దబ్బనం పట్టుకోదు. అన్నం ముద్ద పట్టుకోదు. డాక్టరు గారు అడిగినప్పుడు బాగుందన్నాను, అది నా తప్పేనండి. నన్ను గుంటూరు పంపించండి."

మా ఊళ్లో ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు జవాబు రావడం అదే మొదటిసారి. నా పక్కన కూర్చున్నాయన సిగ్గుతో తల దించుకున్నాడు. డాక్టరు గారు భుజం మీది శాలువాను సర్దుకున్నారు. మంత్రిగారి మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, దానికి కారణం వెళ్లిపోయింది.

అప్పుడు సంజీవరావు గారు లేచారు. ఆయన ప్రతిభ ఏమిటో నాకు ఆ క్షణంలో పూర్తిగా బోధపడింది.

"అయ్యా, ఈయన చెప్పింది విన్నారు. ఏ చేత్తో చెబుతున్నాడో చూశారా?"

అందరం చూశాము. మైకు బాషా కుడిచేతిలో నిటారుగా, తొణక్కుండా ఉంది.

డాక్టరు గారికి ధైర్యం వచ్చింది. "ఫంక్షనల్ గ్రిప్ సార్. టెక్స్ట్‌బుక్ కేస్" అన్నారు.

మంత్రిగారు లేచి వచ్చి ఆ చేతిని దగ్గరగా పరిశీలించారు. మైకును మెల్లగా లాగి చూశారు. రాలేదు. రోగి ఫిర్యాదు చేస్తుండగానే, ఆ ఫిర్యాదు చేసే పద్ధతిలోనే పరిష్కారం కళ్లకు కట్టడం తన ప్రజాజీవితంలో ఎప్పుడూ చూడలేదన్నారు. రేగడిపాడుకు పురస్కారంతో పాటు ప్రత్యేక ప్రశంస కూడా ప్రకటించారు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో నేను లేనని చెప్పలేను. చుట్టూ అందరూ కొడుతుంటే చేతులు వాటంతట అవే కలుస్తాయి.

బాషా ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆపరేటరు అప్పటికే సౌండు తగ్గించాడు. ఇద్దరు కార్యకర్తలు మైకును ఆ చేతిలోంచి బయటికి తీయడానికి ప్రయత్నించారు. అది రాకపోతే, మైకు దొరికితే ఎవరూ వదలరని వెనక ఎవరో అన్నారు. జనం హాయిగా నవ్వుకున్నారు.

సభ అయ్యాక రిఫరెన్సు కోసం వెళ్లాము. మంత్రిగారే పనిచేస్తోందని ధ్రువీకరించిన చేతిని పనిచేయడం లేదని తాను ఎలా రాయగలనని డాక్టరు గారు అడిగారు. ఆయన కళ్లల్లో నిజమైన బాధే ఉంది. సంజీవరావు గారు మాట తప్పే మనిషి కాదు. తాను పూచీ పడింది ఫ్యాను గురించి చెబుతానన్న మనిషికని మాత్రం గుర్తుచేశారు. ఆ వారంలోనే శివారు కల్లాలు ఎత్తేశారు. బస్తాల లారీలు మా వీధి చివర నుంచే గుంటూరు వెళ్లాయి.

బాషాను ప్రభుత్వం విస్మరించిందని ఎవరూ అనుకోకూడదు. మంత్రిగారికి సభల్లో మైకు స్టాండు ఎప్పుడూ కిందికి జారుతుండేది. మర్నాడే కబురు వచ్చింది. ఇప్పుడు బాషా ఆయన వెంట ఊరూరా తిరుగుతున్నాడు. ఎంత పొడుగు ఉపన్యాసమైనా ఆ చెయ్యి వణకదు, అలసిపోదు. జీతం ఇస్తారు, భోజనం పెడతారు. భోజనం ఎవరో ఒకరు తినిపిస్తారు. జానీబీ ఇంటి దగ్గర పరుపులు కుడుతోంది. దబ్బనం లాగేటప్పుడు పళ్లతో సాయం పడుతుంది. నేను అటుగా వెళ్తుంటే పిలిచి, నా ఆలోచన పూర్తయిందా అని అడిగింది. ఒక కొలిక్కి వస్తోందని చెప్పాను.

మొన్న మా ఊళ్లో మళ్లీ మంత్రిగారి సభ జరిగింది. మాత్రల కిటికీ ముందే కాబట్టి నాకు మళ్లీ మొదటి వరసే దొరికింది. బాషా వేదిక మీద, మంత్రిగారి పక్కనే, మైకు పట్టుకుని నిలబడ్డాడు. మంత్రిగారు రోగుల గొంతుకు విలువనిచ్చిన ప్రభుత్వం తమదేనని చెబుతూ, మధ్యలో చనువుగా అతడి భుజం మీద చెయ్యి వేశారు.

"మన బాషానే అడుగుదాం. ఎలా ఉందయ్యా చెయ్యి?"

బాషా పెదవులు కదిలాయి. ఈసారి చాలాసేపే కదిలాయి. మైకు మంత్రిగారి వైపు ఉంది కాబట్టి, ఏమన్నాడో నేను పాఠకులకు చెప్పలేను.